ఓటమి – స్వభావము – శీలము

'ఓటమి గెలుపునకు తొలిమెట్టు' అని పెద్దలు పిల్లలకు తరచుగా చెప్పుచుందురు. మాట మంచిదే. కాని ఆటస్థలము ప్రక్కన కొంతకాలము నిలిచి చూచినవారికి ఇందులో ఒక చిక్కు కనబడును. ఒకే ఓటమి ఒక బాలునకు మెట్టగుచున్నది; వాని ప్రక్కనున్న బాలునకు గోడయగుచున్నది. ఒకడు మరునాటి ఉదయము అందరికంటె ముందుగా మైదానమునకు వచ్చును. మరియొకడు హాకీకర్రను అటకమీద పెట్టి, మరల దాని వంక చూడడు. ఇద్దరికిని వయస్సు ఒక్కటే, శిక్షకుడు ఒక్కడే, ఓడిన ఆట ఒక్కటే. తేడా ఎక్కడనుండి వచ్చినది? స్వభావమునుండి అని వెంటనే సమాధానము చెప్పవచ్చును. ఆ సమాధానమునుండియే అసలు ప్రశ్న పుట్టుచున్నది. స్వభావము బాలుడు కోరి తెచ్చుకొన్నది కాదు గదా! కోరి తెచ్చుకొననిదానికి వానిని మెచ్చుకొనుటగాని, నిందించుటగాని న్యాయమేనా? న్యాయము కాదన్నచో, ఇక ధైర్యము, ఓర్పు అను మాటలకు అర్థమేమి?

ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. దుకాణములో నష్టము వచ్చిన సంవత్సరము కుమారుని ముఖము చూచి, 'వీడు నిలబడునా, నిలబడడా' అని లోలోపల లెక్కవేసికొను ప్రతి తండ్రియు ఈ ప్రశ్నకు ఏదో యొక సమాధానమును తనకు తెలియకుండగనే ఇచ్చుచున్నాడు. ఆ లెక్క ఒక్కొక్కప్పుడు తప్పును. తప్పినప్పుడు నష్టపడువాడు తండ్రి కాదు, పిల్లవాడు. అయితే వ్యాపారములోని ఓటమి నెలలకొలది సాగును. దాని కారణములు పెక్కు. ఎవరి పాలు ఎంతయో తేల్చుట కష్టము. ఆటలోని ఓటమి ఒక్క సాయంకాలములో ముగిసి కన్నులయెదుట నిలుచును. కనుక ఈ విషయమును ఆటస్థలములో, అందులోను హాకీ ఆటలో, పరిశీలించుట సులభము.

నేటి హాకీ పదునైదేసి నిమిషముల నాలుగు భాగములుగా సాగును. జట్టునకు పదునొకండుగురు. బంతి గట్టిది, బరువు 156 గ్రాములకు తగ్గదు, 163 గ్రాములకు మించదు. ఒక తప్పు జరిగిన పిమ్మట దానిని తలచుకొని విచారించుటకు వ్యవధి ఉండదు. బంతి అప్పటికే మరియొక చోట నుండును. ప్రత్యర్థికి పెనాల్టీ కార్నరు లభించినచో, గోల్‌కీపరుతో కలిసి అయిదుగురు మాత్రమే గోలుగీత వెనుక నిలిచి అడ్డుకొనవలెను. తక్కినవారు మైదానపు నడిగీత కవతల నుండవలెను. బంతి గోలులో పడినచో ఎవరి తప్పో అందరికిని కనబడినట్లే యుండును. నిజముగా ఎవరి తప్పో చెప్పుట మాత్రము కష్టము. బంతిని ఆపలేకపోయినవానిదా? అంతకుముందు బంతిని కాలికి తగిలించుకొని కార్నరు ఇచ్చినవానిదా? పది నిమిషములకు ముందు ఎదుటి గోలు దగ్గర సులభమైన అవకాశమును జారవిడిచినవానిదా? తప్పు పంచుకొనుటకు ఇంత చోటుగల ఆట కనుకనే, ఎవడు ఎంత భాగము తీసికొనునో అది వాని స్వభావమును తెలియజేయును.

ఏదో యొక పట్టణములోని పాఠశాల జట్టు ఆఖరి నిమిషములో ఇట్టి కార్నరువలన ఓడిపోయినదనుకొనవచ్చును. ఆట ముగిసిన పిమ్మట నలుగురు బాలురను చూడుడు. మొదటివాడు గడ్డిమీద కూలబడి ఏడ్చుచున్నాడు; తప్పంతయు తనదే యనుచున్నాడు. రెండవవాడు కర్రను నేలకు కొట్టి, అంపైరు కన్ను మూసికొన్నాడనియు, తోడివాడు పరుగెత్తలేదనియు కేకలు వేయుచున్నాడు. మూడవవాడు నవ్వుచు, ఎవరికో పరిహాసపుమాట చెప్పుచు, సోడా త్రాగుచున్నాడు. నాలుగవవాడు ఎవరితోను మాటలాడక, బూట్ల తాళ్లు విప్పి, సంచి సర్దుకొని, ఇంటిదారి పట్టినాడు.

చూచుచున్న పెద్దలు వెంటనే తీర్పు చెప్పుదురు. ఏడ్చినవాడు పిరికివాడు, కేకలు వేసినవాడు పొగరుబోతు, నవ్వినవాడు పట్టింపులేనివాడు, మౌనముగా పోయినవాడు గట్టివాడు. ఈ నాలుగు తీర్పులును తప్పు కావచ్చును. ఏడ్చినవాడు ఆ రాత్రి కన్నీటితోనే బరువు దింపుకొని తెల్లవారుసరికి తేలికపడవచ్చును. కేకలు వేసినవాడు గంట గడిచిన పిమ్మట సిగ్గుపడి తోడివాని ఇంటికి పోయి క్షమింపుమని అడుగవచ్చును. నవ్వినవాని నవ్వు వెనుక అందరికంటె లోతైన గాయముండవచ్చును. ఇతరులు క్రుంగిపోకుండుటకై వాడు నవ్వియుండవచ్చును. గట్టివాడని పేరుపొందిన మౌనియే నాలుగు నెలలు ఆ గోలును తలచుకొనుచు నిద్రలేక, ఎవరికిని చెప్పక, చివరకు ఆట మానివేయవచ్చును. ముఖము చూచి మనస్సును కొలుచుట, మూట కట్టు చూచి లోని సరకునకు వెల కట్టుట వంటిది. అట్లు వెల కట్టు వర్తకుడు ఎంతకాలము నిలుచును?

స్వభావమును గూర్చి మనశ్శాస్త్రజ్ఞులు చాలకాలముగా పరిశోధనలు చేయుచున్నారు. కవలపిల్లలపై జరిగిన పరిశోధనలనుబట్టి, తొందరగా కలతపడుట, నిబ్బరముగా నుండుట, కలుపుగోలుతనము, పట్టుదల మొదలైన గుణములలో మనుష్యునకు మనుష్యునకు గల భేదము సుమారు సగమువరకు పుట్టుకతో వచ్చినదని వారు తేల్చిరి. తక్కినది జీవితములో ఏర్పడునది. అంతేకాదు, ఇరువదియేండ్ల వయస్సునుండి నలుబదియేండ్ల వయస్సులోపల పెక్కుమంది మునుపటికంటె నిబ్బరము, బాధ్యత గలవారగుదురని దీర్ఘకాల పరిశీలనలవలన తెలిసినది. అనగా పదునారేండ్ల బాలుని స్వభావము ఆరని కుండ. దానిని చూచి 'ఇది ఇంతే' అనుట తొందరపాటు.

1990లో ప్రచురితమైన ఒక పరిశోధన ఇచ్చట గమనింపదగినది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ఈతగాండ్రను మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన సహచరులు పరీక్షించిరి. ఈతగాడు తన శక్తికొలది ఈదిన పిమ్మట, నిజముగా పట్టిన కాలముకంటె ఎక్కువ కాలము పట్టినదని వానికి చెప్పిరి. అనగా లేని ఓటమిని వాని ముందుంచిరి. కొంత విశ్రాంతి ఇచ్చి మరల ఈదుమనిరి. కీడు జరిగినప్పుడు 'ఇది తాత్కాలికము, ఈ ఒక్క చోటనే జరిగినది' అని తలచు అలవాటుగలవారు రెండవమారు వెనుకబడలేదు. 'ఇది ఎప్పటికిని ఇంతే, అన్నిటియందు ఇంతే' అని తలచు అలవాటుగలవారు మునుపటికంటె నెమ్మదిగా ఈదిరి. బాహువులలోని బలము తగ్గలేదు. ఓటమికి తమలో తాము చెప్పుకొన్న కారణము బలమును హరించినది. కారణము చెప్పుకొను పద్ధతి అలవాటు. అలవాటును మార్చుకొనవచ్చును, అంతకంటె ముఖ్యముగా, అది పిల్లలకు చాలవరకు పెద్దల నోటినుండియే వచ్చును. 'ఈరోజు ఎడమప్రక్క కాపు సరిగా లేదు' అను మాటకును, 'నీకు ఆట రాదు' అను మాటకును గల దూరము ఇంతటిది.

దీనినిబట్టి ఓటమికి మనుష్యుడు ఇచ్చు సమాధానములో రెండు భాగములు కలవని తెలియును. దెబ్బ తగిలిన క్షణములో కలుగు కలత మొదటిది: కన్నీరు, కోపము, నవ్వు, మౌనము. ఇది స్వభావము చేయు పని. దీనియందు పుణ్యమును లేదు, పాపమును లేదు. ఆ కలతను వెంటబెట్టుకొని మరునాడు మనుష్యుడు చేయు పని రెండవది: తప్పును వెదకుట, ఒప్పుకొనుట, తోడివానిని నిలబెట్టుట, తిరిగి సాధనకు వచ్చుట. శీలము అనునది ఈ రెండవ భాగమునకు సంబంధించినది. మొదటిదానిని చూచి రెండవదానికి తీర్పు చెప్పుటయే పెద్దలు తరచుగా చేయు పొరపాటు.

ధ్యాన్‌చంద్ కథ దీనికి తగిన ఉదాహరణము. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను, 1932లో లాస్ ఏంజెలెస్‌లోను స్వర్ణపతకములు గెలిచిన భారత జట్టు 1936లో ఆయన నాయకత్వమున బెర్లిన్ చేరినది. ఒలింపిక్ పోటీలకు ముందు జులైలో జర్మనీతో ఆడిన అభ్యాసపు ఆటలో భారత జట్టు 1–4 తేడాతో ఓడిపోయెను. హాకీలో తమకు ఎదురులేదనుకొన్న జట్టునకు అది పిడుగుపాటు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని ధ్యాన్‌చంద్ తన ఆత్మకథలో వ్రాసికొనెను. ప్రపంచము మాంత్రికుడని కొనియాడిన ఆటగాడు కూడ ఒక అభ్యాసపు ఆట ఓడి నిద్ర పోలేకపోయెనన్న సంగతి ప్రతి బాలునకును చెప్పదగినది. కాని కథ నిద్రలేమితో ముగియలేదు. జట్టులోని లోటు ఎచ్చటనున్నదో చూచి, అలీ దారా అను ఆటగానిని భారతదేశమునుండి పిలిపించిరి. ఆగస్టు 15న జరిగిన ఆఖరి పోటీలో అదే జర్మనీపై మొదటి సగములో ఒకే గోలు. ఆట ముగియునప్పటికి 8–1. కలతపడుట మొదటి భాగము. లోటు వెదకి మనిషిని పిలిపించుట రెండవ భాగము. మొదటిది లేకపోయినచో రెండవది జరిగియుండునా అనునది కూడ ఆలోచింపదగినదే.

స్వభావములు వేరైనను మార్గము ఒక్కటే కావచ్చుననుటకు మరియొక నిదర్శనము కలదు. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో పోలండ్‌పై గెలిచినచో భారత జట్టు సెమీఫైనలు చేరియుండును. 1–0 ఆధిక్యముతో నున్న జట్టు, ఆట ముగియుటకు రెండు నిమిషములైన లేనప్పుడు గోలు ఇచ్చి 1–1తో నిలిచిపోయెను. చివరకు లభించినది ఏడవ స్థానము. ఆ జట్టులో హైదరాబాదు ముకేష్‌కుమార్ ఉండెను. మూడు ఒలింపిక్సులాడిన ఆయనకు అదియే ఆఖరుది. పూనా సమీపమునందలి ఖడ్కీలో పుట్టి పెరిగిన ధనరాజ్ పిళ్లై ఉండెను. ఒరిస్సాలోని సుందర్‌గఢ్ జిల్లానుండి వచ్చిన దిలీప్ తిర్కీ ఉండెను. ధనరాజ్ కోపమునుగాని కన్నీటినిగాని దాచుకొననివాడు. అధికారులతో వాదులాటలకు దిగినవాడని ప్రసిద్ధి. తిర్కీ మితభాషి, గోలు ముందు నిబ్బరముగా నిలుచు కాపుదారు. ఒకడు నిప్పు, ఒకడు నీరు. నాలుగేండ్ల పిమ్మట 2004లో ఏథెన్సులో ఇద్దరును మరల భారత జట్టున ఆడిరి. తిర్కీ దానికి నాయకుడు, ధనరాజ్‌కు అది నాలుగవ ఒలింపిక్సు. అచ్చటను పతకము రాలేదు. అయినను తిరిగి వచ్చుటకు నిప్పు చల్లారనక్కరలేదు, నీరు మరుగనక్కరలేదు. ఎవని స్వభావముతో వాడు తిరిగి రావచ్చును.

అయితే తిరిగి వచ్చుట ఆటగాని ఒక్కని చేతిలోనే యున్నదా? ఈ ప్రశ్నకు ఒకే సంఖ్యగల రెండు ఓటములు సమాధానము చెప్పగలవు. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల ఆఖరి పోటీలో భారతదేశము పాకిస్తాను చేతిలో 1–7 తేడాతో ఓడిపోయెను. గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీ. గోల్‌కీపరు స్థానమే అట్టిది; మైదానములో పదిమంది చేసిన పొరపాట్లన్నియు చివరకు అతని కాళ్లదగ్గరకే చేరును. జట్టు ఓడినదని ఎవరును ఊరకొనలేదు. అతడు అమ్ముడుపోయెనని నిందవేసిరి. దానికి నిరూపణ ఏదియు లేదు. అయినను ఆటగాడుగా అతని పేరు ఆ ఒక్క సాయంకాలముతోనే ముడిపడిపోయెను. పదునారేండ్లు గడిచిన పిమ్మట, 1998 బాంకాక్ ఆసియా క్రీడలలో, భారత జట్టు గోల్‌కీపర్లకు శిక్షకుడుగా అతడు తిరిగివచ్చెను. ఆ జట్టు 32 ఏండ్ల తరువాత స్వర్ణపతకము గెలిచినది.

రెండవ ఓటమి 2021 జులై 25న జరిగినది. ఒక సంవత్సరము వాయిదాపడి జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఆస్ట్రేలియా చేతిలో భారత జట్టు ఓడినది. అంకెలు అవియే, 1–7. గోల్‌కీపరు కేరళకు చెందిన శ్రీజేష్. రెండు దినములలో స్పెయిన్‌తో ఆట. ఆ ఆటలోను గోలు ముందు నిలిచినవాడు శ్రీజేషే. స్పెయిన్‌కు ఒక్క గోలైన దక్కలేదు, భారత జట్టు 3–0తో గెలిచినది. ఆగస్టు 5న జర్మనీతో కాంస్యపతకమునకై జరిగిన పోటీలో 1–3తో వెనుకబడియు 5–4తో గెలిచి, 1980 మాస్కో తరువాత 41 ఏండ్లకు ఒలింపిక్ పతకము తెచ్చిరి. ఆఖరి క్షణములలో జర్మనీకి లభించిన పెనాల్టీ కార్నరును ఆపినవాడు ఆ శ్రీజేషే.

ఈ ఇద్దరిలో ఒకడు గట్టివాడు, ఒకడు మెత్తనివాడు అని చెప్పుట సులభము; కాని అది సత్యము కాదు. పదునారేండ్లు నింద మోసి, తిరిగివచ్చినవానిని మెత్తనివాడనుట ఎట్లు? తేడా చుట్టునున్నవారిలో కలదు. ఒకనికి దక్కినది అనుమానము. మరియొకనికి దక్కినది రెండు దినములలో మరియొక ఆట. ఓడినవానికి స్వభావము ఎంత ముఖ్యమో, తరువాతి ఆట ఎప్పుడు దొరకుననునది కూడ అంత ముఖ్యము. ఆ తరువాతి ఆటను ఇచ్చువారు పెద్దలు.

ఇచ్చటనే మరియొక సంగతి చెప్పవలసియున్నది. టోక్యోలో భారత మహిళా జట్టు మొదటి మూడు ఆటలును వరుసగా ఓడినది. పిమ్మట ఐర్లండును, దక్షిణాఫ్రికాను, క్వార్టర్ ఫైనలులో ఆస్ట్రేలియాను గెలిచి, ఆగస్టు 4న అర్జెంటీనాతో సెమీఫైనలు ఓడినది. ఓడిన పిమ్మట జట్టులోని వందనా కటారియా ఇంటిముందు, హరిద్వారమునకు సమీపమునగల ఆమె ఊరిలో, కొందరు టపాకాయలు కాల్చి, కులము పేరెత్తి దూషించిరని కుటుంబమువారు పోలీసులకు ఫిర్యాదు చేసిరి. రెండు దినముల పిమ్మట కాంస్యపతకపు పోటీలో ఆమె మరల ఆడి గోలు చేసెను; జట్టు మాత్రము 3–4తో ఓడినది. చదువరులకు ఆమె ధైర్యముపై గౌరవము కలుగుట సహజము. కాని ఇచ్చట జాగ్రత్త అవసరము. 'ఆమె తట్టుకొన్నది గదా' అను మాట దూషించినవారి తప్పును రవ్వంతయు తగ్గింపదు. దెబ్బ తిన్నవాడు నిలబడినంతమాత్రమున కొట్టినవాడు నిర్దోషి కాడు. పిల్లలను గట్టిపరచుటకని ఇంటిలో అవమానించు పెద్దలకు కూడ ఇది వర్తించును. ఓటమి పిల్లవానికి ఆటస్థలములోనే లభించుచున్నది. ఇంటిలో రెండవ ఓటమి వడ్డింపనక్కరలేదు.

దీనికి ఒక ఆక్షేపణ రాగలదు. 'స్వభావము వాని తప్పు కాదనుచు పోయినచో, కర్ర నేలకు కొట్టినవానిని, అంపైరును తిట్టినవానిని కూడ విడిచిపెట్టవలసినదేనా? అట్లయిన క్రమశిక్షణ ఎట్లు నిలుచును?' ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి సమాధానము హాకీ నిబంధనలలోనే కలదు. తప్పుచేసినవానికి అంపైరు ఆకుపచ్చ కార్డు చూపినచో వాడు రెండు నిమిషములు బయట కూర్చుండవలెను. పసుపుపచ్చ కార్డు చూపినచో కనీసము అయిదు నిమిషములు. ఎఱ్ఱకార్డయినచో ఆ ఆటలో వానికి మరల చోటు లేదు. వీడు పుట్టుకతో కోపిష్ఠియా, శాంతుడా అని అంపైరు అడుగడు. చేసిన పనికి శిక్ష, స్వభావమునకు కాదు. అంతకంటె గమనింపదగినది, శిక్షకు గడువు కలదు. గడువు తీరగానే వాడు లోనికి వచ్చును; జట్టువారు వానికి బంతి నందింతురు. 'నీవు ఇందాక తప్పుచేసినవాడవు' అని బంతి ఇయ్యకపోయినచో జట్టునకే నష్టము.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్సులో బ్రిటనుతో క్వార్టర్ ఫైనలు ఆట 17వ నిమిషములో సుందర్‌గఢ్ జిల్లాకే చెందిన అమిత్ రోహిదాసునకు, కర్ర ప్రత్యర్థి ముఖమునకు తగిలినదని ఎఱ్ఱకార్డు చూపిరి. అది కావలెనని చేసినదా, కాదా అని ఎంతో వాదము జరిగెను. మిగిలిన కాలమంతయు భారత జట్టు పదిమందితో ఆడి 1–1తో నిలిచి, షూటౌటులో 4–2తో గెలిచినది. అతనికి ఒక ఆట నిషేధము కూడ పడినది. అతడు లేని సెమీఫైనలులో జట్టు జర్మనీ చేతిలో 2–3తో ఓడినది. అతనివలననే ఓడితిమని అనదలచినవారికి అవకాశము లేకపోలేదు. ఆగస్టు 8న స్పెయిన్‌తో కాంస్యపతకపు పోటీకి అతడు తిరిగి జట్టులోనికి వచ్చెను. భారతదేశము 2–1తో గెలిచినది. పతకము అతని మెడలోను పడినది. శిక్ష పడినది, గడువు తీరినది, మనిషి తిరిగి తనవారిలో చేరినాడు. నింద మోసినది పదునారేండ్లు, నిషేధము పడినది ఒక్క ఆట. ఈ రెంటిలో ఏది న్యాయమో చెప్పుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు.

ఇండ్లలో చిక్కు ఇచ్చటనే వచ్చుచున్నది. ఆటకు నిబంధనల పుస్తకము కలదు. ఇంటిలోని తప్పునకు గడువు వ్రాసిన పుస్తకము లేదు. పదవతరగతిలో ఒకమారు తప్పినవాడు, మొదటి సరకులో నష్టము తెచ్చినవాడు, పోటీలో ఓడి ఏడ్చినవాడు, పెండ్లి సంబంధములు చూచునాటివరకు ఆ పేరుతోనే పిలువబడుచుండుట కలదు. లెక్కల పుస్తకము ప్రతి సంవత్సరము మూసి, క్రొత్త పుస్తకమునకు పసుపు కుంకుమ పెట్టి ప్రారంభించు కుటుంబములలో కూడ, పిల్లవాని లెక్కమాత్రము పాత పుస్తకమునందే సాగుచుండుట విచారకరము. వచ్చిన నష్టమును వ్రాయకుండుట అబద్ధము. దానిని ప్రతి సంవత్సరము మరల వ్రాయుట కూడ అబద్ధమే.

అందరు పిల్లలను ఒకే విధముగా చూడవలెనను మాట న్యాయముగా వినబడును గాని, స్వభావములు వేరైనప్పుడు ఒకే విధమైన మాట ఒకే పని చేయదు. తప్పంతయు తనదే యనువానికి, ఆటలో పదిమంది పాలు ఎంతయో చూపవలెను. తప్పంతయు ఇతరులదే యనువానికి, కోపము చల్లారిన పిమ్మట, వాని పాలు ఎంతయో చూపవలెను. నవ్వువానిని ఏకాంతమున ఒకమాట అడుగవలెను. మౌనిని మాటలాడుమని బలవంతము చేయక, వానితో కలిసి కొంతదూరము నడువవలెను. నలుగురి యెడలను చూపవలసిన ప్రేమ ఒక్కటే, వారినుండి కోరవలసిన సత్యము ఒక్కటే. దానిని చేరు దారులు మాత్రము నాలుగు.

ఇక మొదట వేసిన ప్రశ్న. నిబ్బరముగల స్వభావముతో పుట్టినవానిని దానికై పొగడనక్కరలేదు. అది వానికి లభించిన మూలధనము. తొందరగా కలతపడువానిని దానికై నిందింపనక్కరలేదు. వాడు తక్కువ మూలధనముతో వ్యాపారము పెట్టినవాడు. ఎవడు ఎంతతో మొదలుపెట్టెను అనుటకంటె, ఉన్నదానితో ఏమిచేసెను అనునది చూచుట వర్తక కుటుంబములకు క్రొత్త విద్య కాదు. వణకుచున్న చేతులతో మరునాడు కర్ర పట్టినవాడు, వణకని చేతులతో పట్టినవానికంటె ఎక్కువ వెల చెల్లించినాడు. ధైర్యమను మాట వానికే ఎక్కువ తగును.

సాయంకాలము ఆట ముగిసి, ఓడిన పిల్లలు ఒక్కొక్కరుగా మైదానపు ద్వారము దాటి వచ్చుచుందురు. తండ్రులు కొందరు బండ్లదగ్గర నిలిచియుందురు. 'ఎన్ని గోల్స్ తేడారా?' అని ఒక తండ్రి అడుగును. 'అప్పుడే చెప్పాను, చదువు చూసుకోమని' అని మరియొక తండ్రి అనును. ఇంకొక తండ్రి ఏమియు అనక, కుమారుని సంచి తాను అందుకొని, బండి కొంతదూరము పోయిన పిమ్మట మెల్లగా అడుగును: 'రేపు పొద్దున ఎన్ని గంటలకు లేపమంటావు, నాన్నా?' ఆ ప్రశ్నకు పిల్లవాడు వెంటనే సమాధానము చెప్పకపోవచ్చును. కాని ఆ రాత్రి నిద్రపోవుటకు ముందు వాడు దానిని గూర్చి ఆలోచించును.